ఊక నూనెను జియోలైట్ మీద పంపితే డీజిల్ అవుతుందా? ముందు ఆక్సిజన్ లెక్క చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "మాది తణుకు దగ్గర పల్లె. బాబాయికి రైస్ మిల్లు ఉంది. ఊకను గాలి తగలకుండా కాల్చి నూనె తీసి, ఆ నూనెను జియోలైట్ క్యాటలిస్ట్‌తో కలిపి డ్రమ్ములో వేడిచేస్తే 70 శాతం డీజిల్ వస్తుందని ఒకాయన అంటున్నారు. నేను కెమికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రిఫైనరీల్లో క్రాకింగ్‌కి వాడేది కూడా జియోలైటే కదా, ఇది కూడా కుదరాలి కదా? అడ్వాన్స్ ఇవ్వమంటారా?"

నమస్తే అండి. అడ్వాన్స్ సంగతి ముందే చెప్పేస్తాను, ఇవ్వొద్దు. ఎందుకు వద్దో అర్థం కావాలంటే ఆక్సిజన్ ఉన్న పదార్థం జియోలైట్ లాంటి యాసిడ్ క్యాటలిస్ట్ (రసాయన చర్యను వేగంగా నడిపే పదార్థం) మీద పడినప్పుడు ఏమవుతుందో చూడాలి. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా రిఫైనరీలో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం క్రాకింగ్ యూనిట్‌లోనే, అంటే పెద్ద అణువుల్ని విరగ్గొట్టి పెట్రోలు లాంటివి చేసే చోట. రిటైరై ఇప్పుడు రావులపాలెం దగ్గర మా ఊళ్ళో ఉంటున్నాను. చుట్టూ ఊక, తవుడు, కొబ్బరి చిప్పలు, చెరకు పిప్పి. వాటిని చూసినప్పుడల్లా ఈ లెక్కే మనసులో తిరుగుతుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

రిఫైనరీలో క్రాకింగ్‌కి వెళ్ళే గ్యాస్ ఆయిల్‌లో (ముడి చమురు నుంచి వచ్చే బరువైన నూనె అది) కార్బన్, హైడ్రోజన్ తప్ప మిగతావి చాలా తక్కువ. ఆక్సిజన్ లేనట్టే లెక్క. ఊక నుంచి వచ్చేది పేరుకే నూనె. వంద కిలోలు తీసుకుంటే అందులో పాతిక కిలోల దాకా నీళ్ళే ఉంటాయి. మిగతా దానిలో కూడా బరువులో దాదాపు 40 శాతం ఆక్సిజన్. ఎసిటిక్ యాసిడ్, ఫర్‌ఫ్యూరల్, చక్కెర జాతి పదార్థాలు, లిగ్నిన్ (చెక్కకి, ఊకకి గట్టిదనం ఇచ్చే పదార్థం) విరిగి వచ్చిన ఫినాల్‌లు, ఇలా వందల రకాలు కలిసిన పుల్లటి నల్లటి ద్రవం అది. పీహెచ్ 2 నుంచి 3 మధ్య ఉంటుంది. కిలోకి 16 నుంచి 19 మెగాజౌళ్ళ వేడి ఇస్తుంది, డీజిల్ అయితే 43 దాకా ఇస్తుంది. డీజిల్‌లో పోస్తే కలవదు, విడిపోయి అడుగున నిలుస్తుంది.

సరే, ఆక్సిజన్‌ని తీసేస్తే డీజిల్ మిగులుతుంది కదా అనిపిస్తుంది. చిక్కు అక్కడే ఉంది. ఆక్సిజన్ ఒంటరిగా బయటకు పోదు. పోతూ పోతూ హైడ్రోజన్‌ని తీసుకుని నీళ్ళుగా పోతుంది, లేదా కార్బన్‌ని తీసుకుని కార్బన్ మోనాక్సైడ్‌గానో కార్బన్ డయాక్సైడ్‌గానో పోతుంది. బయట నుంచి హైడ్రోజన్ ఇవ్వనప్పుడు ఈ మూడు దారులు తప్ప వేరే దారి లేదు. యాసిడ్ క్యాటలిస్ట్‌కి ఇష్టమైన దారి నీళ్ళు. అంటే మనకు ఇంధనంలో కావలసిన హైడ్రోజన్‌నే అది ముందు ఖర్చు పెడుతుంది.

ఇంటర్‌లో పంచదార మీద గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసిన ప్రయోగం గుర్తుందా? పొగలు కక్కుతూ నల్లటి బొగ్గు పైకి పొంగుతుంది. పంచదార అణువులో 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. 11 ఆక్సిజన్లు నీళ్ళుగా పోవాలంటే 22 హైడ్రోజన్లు కావాలి. ఉన్నవి సరిగ్గా 22. అన్నీ నీళ్ళకే పోయాయి, మిగిలింది బొగ్గు. అరిసెల పాకం ముదిరి, పొయ్యి మీదే మర్చిపోతే గిన్నె అడుగున నల్లగా పట్టేది కూడా ఈ లెక్క ప్రకారమే. జియోలైట్ కూడా యాసిడే, గట్టి యాసిడ్. ద్రవంగా కాకుండా చిన్న చిన్న రంధ్రాలున్న రాయి రూపంలో ఉంటుంది, అంతే తేడా.

ఈ పని చేసేవాళ్ళు ప్రతి పదార్థానికీ ఒక చిన్న లెక్క వేసుకుంటారు. అణువులో ఉన్న హైడ్రోజన్ల సంఖ్యలోంచి ఆక్సిజన్ల సంఖ్యకు రెట్టింపు తీసేసి, మిగిలినదాన్ని కార్బన్ల సంఖ్యతో భాగించాలి. వచ్చేదాన్ని నికర హైడ్రోజన్ అనుకోండి. పెట్రోలు, డీజిల్ లాంటి వాటికి ఇది 1 నుంచి 2 మధ్య, లేదా కాస్త పైన ఉంటుంది. ఇథనాల్‌కి సరిగ్గా 2 వస్తుంది. తవుడు నూనెలో ఉండే ఓలిక్ యాసిడ్‌కి 1.67. గ్లిజరిన్‌కి 0.67. గ్లూకోజ్‌కి, ఎసిటిక్ యాసిడ్‌కి, ఫర్‌ఫ్యూరల్‌కి మూడింటికీ సున్నా. మొత్తం ఊక నూనెకి వేస్తే 0.2 దగ్గర్లో తేలుతుంది. 1 కన్నా బాగా తక్కువగా ఉన్న ఏ పదార్థమైనా జియోలైట్ మీద ఎక్కువగా కోక్ కడుతుంది. కోక్ అంటే క్యాటలిస్ట్ గింజల మీద, రంధ్రాల్లో పేరుకునే నల్లటి కార్బన్.

ఇప్పుడు మీ 70 శాతం సంగతి చూద్దాం. పెన్ను తీసుకుని నాతో పాటు వేయండి. వంద కిలోల ఊక నూనెలో 25 నీళ్ళు తీసేస్తే 75 కిలోలు. అందులో కార్బన్ 52 శాతం, హైడ్రోజన్ 6 శాతం, ఆక్సిజన్ 42 శాతం అనుకుందాం. చెక్క, ఊక నూనెలకు ఇది న్యాయమైన అంచనా. అంటే 39 కిలోల కార్బన్, 4.5 కిలోల హైడ్రోజన్, 31.5 కిలోల ఆక్సిజన్.

ఆక్సిజన్ మొత్తం నీళ్ళుగా పోతే ఎనిమిది కిలోలకు ఒక కిలో హైడ్రోజన్ చొప్పున 3.9 కిలోలు తీసుకుపోతుంది. మిగిలేది 0.6 కిలో. డీజిల్‌లో ఒక కిలో హైడ్రోజన్‌కి సుమారు ఆరు కిలోల కార్బన్ ఉంటుంది కాబట్టి ఆ కాస్త హైడ్రోజన్‌తో తయారయ్యేది నాలుగు కిలోలు. మిగతా కార్బన్ అంతా బొగ్గు.

ఇక రెండో కొస. ఆక్సిజన్‌లో ఒక్క చుక్క కూడా నీళ్ళు కాకుండా మొత్తం కార్బన్ డయాక్సైడ్‌గా పోయిందనుకుందాం. అప్పుడు 11.8 కిలోల కార్బన్ దానితో పోతుంది. 27.2 కిలోల కార్బన్, 4.5 కిలోల హైడ్రోజన్ మిగులుతాయి. కూడితే సుమారు 32 కిలోలు. ఇది కాగితం మీద వచ్చే గరిష్ఠం. ఏ జియోలైటూ ఆక్సిజన్ మొత్తాన్ని ఆ దారిలో పంపదు. అంటే బయట హైడ్రోజన్ లేకుండా వందకు 70 అనేది క్యాటలిస్ట్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే కాదు, బరువుల లెక్కలోనే కుదరదు. ఆయన డ్రమ్ములోంచి నిజంగానే 70 లీటర్లు పట్టి చూపిస్తే, అందులో నీళ్ళెంత, ఆక్సిజన్ ఎంత అని అడగండి.

అయితే ఆక్సిజన్ ఉన్నవన్నీ ఒకేలా ప్రవర్తించవు. మీరు చదువుకుంటున్నారు కాబట్టి ఈ తేడా గట్టిగా పట్టుకోవాలి.

ఆల్కహాల్ తేలిక. జియోలైట్ మీది ప్రోటాన్ వెళ్ళి ఆక్సిజన్ మీద కూర్చుంటుంది, ఆ ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జత) కాస్తా నీళ్ళుగా మారి ఊడిపోతుంది. వెనక మిగిలిన కార్బన్ ధనావేశాన్ని ఎంత బాగా మోయగలిగితే పని అంత సులువు. అందుకే టెర్షియరీ ఆల్కహాల్ (ఓహెచ్ ఉన్న కార్బన్‌కి మరో మూడు కార్బన్లు అంటుకున్నది) ముందు విరుగుతుంది, తర్వాత సెకండరీ, చివర ప్రైమరీ. ఇథనాల్‌ని తక్కువ వేడిలో ఉంచితే రెండు అణువులు కలిసి ఈథర్ అవుతాయి, 300 డిగ్రీలు దాటిస్తే ఇథిలీన్ వస్తుంది. ఎసిటిక్ లాంటి యాసిడ్‌లు రెండు రెండు కలిసి, ఒక కార్బన్ డయాక్సైడ్‌ని, ఒక నీటి అణువుని వదిలి కీటోన్ అవుతాయి. కీటోన్లు, ఆల్డిహైడ్‌లు ఊరుకోవు, ఒకదానితో ఒకటి అతుక్కుంటూ పెరుగుతాయి. ఆ పెరుగుదల రంధ్రంలో ఒక మోతాదు వరకు ఉంటే టొలూయీన్, జైలీన్ లాంటి పనికొచ్చే ఆరోమాటిక్స్ వస్తాయి, మోతాదు దాటితే కోక్. గ్లిజరిన్ రెండు నీటి అణువులు వదిలి ఆక్రోలీన్ అవుతుంది. వంటింట్లో నూనె మాడినప్పుడు కళ్ళు మండించే ఘాటు అదే.

ఫినాల్‌లు మాత్రం మొండివి. బెంజీన్ రింగ్‌కి అంటుకున్న ఆక్సిజన్‌ని ఆ రింగే గట్టిగా పట్టుకుంటుంది. అది ఊడితే రింగ్ మీద మిగిలే ధనావేశం నిలవలేదు. కాబట్టి ప్రోటాన్ ఇచ్చినంత మాత్రాన పని జరగదు. ఊకలో లిగ్నిన్ ఉంది, దానిలోంచి గ్వాయకాల్ లాంటి మిథాక్సీ ఫినాల్‌లు వస్తాయి. జియోలైట్ వాటి నుంచి మిథైల్‌ని మాత్రం లాగేస్తుంది. అప్పుడు రింగ్ మీద రెండు ఓహెచ్‌లు పక్కపక్కనే ఉన్న క్యాటెకాల్ మిగులుతుంది. అది క్యాటలిస్ట్ ఉపరితలానికి అతుక్కుని కదలదు, అక్కడే కోక్‌గా మారుతుంది. ఇంకా పెద్ద లిగ్నిన్ ముక్కలైతే రంధ్రంలోకి దూరనే దూరవు. జియోలైట్‌లలో వై అనే రకం రంధ్రం నోరు 7.4 ఆంగ్‌స్ట్రామ్‌లు (అణువుల్ని కొలిచే అతి చిన్న కొలత), జెడ్‌ఎస్‌ఎం-5 అనే రకానిది 5.5 దగ్గర. ఆ ముక్కలు బయట నోటి దగ్గరే పేరుకుని దారి మూసేస్తాయి.

నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన చోట ఒకసారి పైలట్ యూనిట్‌లో చెక్క నుంచి తీసిన నూనెతో ట్రయల్ వేశాం. గ్యాస్ ఆయిల్‌ని ఎప్పుడూ 200 డిగ్రీలకు పైగా వేడిచేసి పంపే అలవాటు. అదే లైన్లో దీన్నీ పంపారు. రెండు గంటలు కూడా నడవలేదు, ప్రెషర్ పెరిగి ఫీడ్ ఆగిపోయింది. పైపు కోసి చూస్తే లోపల తారు గడ్డకట్టినట్టు నిండిపోయి ఉంది. క్యాటలిస్ట్‌ని చేరకముందే, పైపులో వేడికే అది తనలో తాను అతుక్కుపోయింది. ఆ నూనెను చల్లగానే ఉంచి, వేరే నాజిల్‌తో నేరుగా వేడి క్యాటలిస్ట్ మీదికి కొట్టాలని ఆ రోజు నేర్చుకున్నాం. ఆ పైపు శుభ్రం చేసిన కుర్రాళ్ళ చేతులు వారం పాటు పొగ కంపు కొట్టాయి, వాళ్ళకు ముందే చెప్పి సరైన గ్లవ్స్ ఇవ్వనందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీ బాబాయి గారికి చూపించిన డ్రమ్ములో నూనె గంటల తరబడి ఉడుకుతుంది. మాకు పైపులో ఏం జరిగిందో అక్కడా అదే జరుగుతుంది.

రిఫైనరీలో జియోలైట్ ఎందుకు పనిచేస్తుందంటే అది ఒంటరిగా పనిచెయ్యదు కాబట్టి. రైజర్ అనే నిలువు గొట్టంలో నూనె ఆవిరి, క్యాటలిస్ట్ కలిసి ఉండేది రెండు మూడు సెకన్లే, 500 నుంచి 550 డిగ్రీల మధ్య. నూనె కిలోకి ఆరు కిలోల చొప్పున క్యాటలిస్ట్ ప్రవహిస్తూ ఉంటుంది. దాని మీద పట్టిన కోక్‌ని పక్కనే ఉన్న రీజెనరేటర్‌లో 700 డిగ్రీల దగ్గర గాలితో కాల్చేసి, మళ్ళీ రైజర్‌కి పంపుతారు. ఆ కోక్ కాలగా వచ్చిన వేడితోనే క్రాకింగ్ నడుస్తుంది. ఇది పగలూ రాత్రీ ఆగకుండా తిరిగే చక్రం. ఇందులోంచి జియోలైట్ పొడి ఒక్కటే తీసి డ్రమ్ములో పోస్తే, కోక్ కాల్చేవాళ్ళెవరు? మొదటి బ్యాచ్‌కే అది నల్లపొడి అవుతుంది. బట్టీలో పెట్టి కాలుద్దామంటే వేడి అదుపు తప్పుతుంది. ఊడిన ఆక్సిజన్ తెచ్చిన నీటి ఆవిరి ఆ వేడిలో జియోలైట్ చట్రంలోని అల్యూమినియంని బయటకు లాగేస్తుంది. ఒక్కో అల్యూమినియం పోతే ఒక్కో యాసిడ్ స్థానం పోయినట్టే. కోక్ కాలిస్తే పోతుంది, కానీ ఇలా పోయిన అల్యూమినియం తిరిగి రాదు.

ఊకకి ఇంకో ప్రత్యేక సమస్య ఉంది. బరువులో ఐదో వంతు దాకా బూడిదే, దానిలో ఎక్కువ భాగం సిలికా. సిలికా వల్ల యాసిడ్‌కి పెద్ద నష్టం లేదు, పంపుల్ని, వాల్వుల్ని మాత్రం అరగదీస్తుంది. పొటాషియం కొద్దిగా ఉన్నా చాలు, అది వెళ్ళి ప్రోటాన్ స్థానంలో కూర్చుని ఆ యాసిడ్‌ని చంపేస్తుంది. నూనెతో పాటు సన్నటి చార్ (ఊక బొగ్గు) పొడి ఎగిరొస్తే ఆ పొటాషియం కూడా వస్తుంది. గడ్డి అయితే ఇంకా దారుణం, దానిలో పొటాషియంతో పాటు క్లోరిన్ కూడా ఎక్కువ.

మరి ఎవరూ చెయ్యలేదా అంటే చేశారు. బ్రెజిల్‌లో పెట్రోబ్రాస్ అనే చమురు కంపెనీ వాళ్ళు గంటకు 200 కిలోల డెమో యూనిట్‌లో పైన్ చెక్క నూనెను గ్యాస్ ఆయిల్‌తో కలిపి నడిపి, ఫలితాలు ప్రచురించారు. కలిపింది 5 శాతం, 10 శాతం. మిగతా 90, 95 శాతం గ్యాస్ ఆయిలే. ఇక్కడ కిటుకు ఏమిటంటే హైడ్రోజన్ ఎక్కువున్న గ్యాస్ ఆయిల్ తన హైడ్రోజన్‌లో కొంత ఈ పేద నూనెకి అప్పిస్తుంది. వచ్చిన పెట్రోలులో మొక్కల కార్బన్ ఎంతో తేల్చడానికి కార్బన్-14 (మొక్కల్లో ఉండి, కాలం గడిచేకొద్దీ తరిగిపోయే కార్బన్ రకం) కొలుస్తారు. పెట్రోలియం కోట్ల ఏళ్ళ నాటిది, అందులో కార్బన్-14 మిగిలి ఉండదు. పాత గుళ్ళలోని చెక్క వయసు కట్టే పద్ధతే ఇక్కడ పెట్రోలు పుట్టుక చెబుతుంది, ఇది నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆనందంగా ఉంటుంది. అయితే మీరు గమనించాల్సింది, అది పెద్ద రిఫైనరీ చెయ్యగల పని, మిల్లు షెడ్డులో చేసేది కాదు.

ఆక్సిజన్ ఉన్న పదార్థం నుంచి యాసిడ్ క్యాటలిస్ట్‌తో నిజంగా పెట్రోలు తీసిన గొప్ప ఉదాహరణ న్యూజిలాండ్‌ది. మోటునూయ్ అనే చోట 1985లో మొదలుపెట్టి, మావుయి అనే గ్యాస్ క్షేత్రం నుంచి వచ్చిన గ్యాస్‌తో మిథనాల్ చేసి, దాన్ని మోబిల్ కంపెనీ వాళ్ళ జెడ్‌ఎస్‌ఎం-5 మీద పంపి రోజుకు 14,500 బ్యారెళ్ళ పెట్రోలు తీశారు. మిథనాల్‌కి నికర హైడ్రోజన్ 2. ఒక అణువు నీళ్ళుగా పోగా మిగిలేది సరిగ్గా ఇంధనంలో ఉండే ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు. 32 కిలోల మిథనాల్‌కి 18 నీళ్ళు, 14 ఇంధనం. అంత మంచి ఫీడ్‌కి కూడా బరువులో 44 శాతమే గరిష్ఠం! జెడ్‌ఎస్‌ఎం-5 రంధ్రాలు ఇరుకు కాబట్టి పది కార్బన్లు దాటిన అణువు బయటకు రాలేదు, అందుకే అది పెట్రోలు దగ్గరే ఆగింది. రంధ్రంలో పట్టే పెద్ద అణువు డ్యూరీన్, అది 79 డిగ్రీల దాకా గడ్డగానే ఉంటుంది. పెట్రోలులో ఎక్కువైతే కార్బురేటర్లో గింజకడుతుంది, దాన్ని తగ్గించడానికి వాళ్ళు వేరే యూనిట్ పెట్టుకున్నారు. కోనసీమ భూమిలో గ్యాస్ ఉంది, తాటిపాక వైపు వెళ్తుంటే మంట కనబడుతుంది. ఆక్సిజన్ రసాయన శాస్త్రం మీద మీకు ఆసక్తి ఉంటే ఊక కన్నా మిథనాల్, ఇథనాల్ వైపు చదవండి. ఇథనాల్ నుంచి ఇథిలీన్ చేసి, దాన్ని పెద్ద అణువులుగా కూర్చి విమాన ఇంధనం చేసే దారి కూడా ఇదే శాస్త్రం. అక్కడ 46 కిలోల ఇథనాల్‌కి 28 కిలోల ఇథిలీన్ వస్తుంది.

మీ ఇంటి దగ్గరే ఇంకో మంచి పదార్థం ఉంది, తవుడు. బియ్యం పట్టిన వెంటనే తవుడులోని లైపేజ్ ఎంజైమ్ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. కొన్ని గంటలు ఆలస్యమైతే ఫ్యాటీ యాసిడ్ పెరిగి తినే నూనెగా ధర పడిపోతుంది. నూనె శుద్ధి చేసేటప్పుడు విడిగా తీసే ఆ యాసిడ్ ఆయిల్‌లో ఆక్సిజన్ బరువులో 11 శాతం మాత్రమే. పొడుగాటి కార్బన్ గొలుసు చివర ఒక్క చోట ఉంటుంది. క్రాకింగ్ యూనిట్‌లో కలిపితే ఆ చివర నీళ్ళుగా, కార్బన్ మోనాక్సైడ్‌గా పోయి, గొలుసు పెట్రోలు, ఎల్‌పీజీ అవుతుంది. డీజిలే కావాలంటే దీనికి యాసిడ్ క్యాటలిస్ట్ వద్దు, నికెల్ మాలిబ్డినం క్యాటలిస్ట్ మీద హైడ్రోజన్ ఇచ్చి ఆక్సిజన్ తీస్తారు. రెండూ రిఫైనరీ పనులే. కానీ ఆ యాసిడ్ ఆయిల్‌ని కొనేవాళ్ళుంటారు. నా అభిప్రాయంలో మిల్లుకి లాభం తవుడు త్వరగా పంపడంలో ఉంది, ఊక నూనెలో లేదు. ఊకని బాయిలర్‌లోనే కాల్చండి, దాని వేడి మొత్తం వాడుకోండి.

భద్రత సంగతి కూడా చెప్పాలి. ఆ డ్రమ్ములోంచి వచ్చే గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. మూసిన షెడ్డులో రాత్రి షిఫ్టులో ఒక్క లీకు చాలు. పనివాళ్ళ ప్రాణాలు ఎవరూ తెచ్చివ్వలేరు.

మీ బాబాయి గారు నా మాట నమ్మక్కర్లేదు, మీరే పరీక్షించి చూపించండి. ఆయన ఇచ్చే నూనె ఒక లీటరు అడిగి తీసుకోండి. సగం గ్లాసు ఆ నూనెలో డీజిల్ పోసి కలిపి గంట ఆగండి, పొరలుగా విడిపోతే డీజిల్ కాదు. పీహెచ్ కాగితం ముంచండి. మామూలు ఇనప మేకు ఒకటి అందులో వేసి నాలుగు రోజులు ఉంచి, ముందూ తర్వాతా తూకం వెయ్యండి. కాలేజీ ల్యాబ్‌లో కార్ల్ ఫిషర్ పరికరం (నీటి శాతం కొలిచేది) ఉంటే నీటి శాతం తీయించండి. ఆ తర్వాత ఆయన్ని ఒక్క కాగితం అడగండి: వంద కిలోల నూనె లోపలికి వెళ్తే నీళ్ళు ఎన్ని, గ్యాస్ ఎంత, కోక్ ఎంత, ద్రవం ఎంత, ఆ ద్రవంలో ఆక్సిజన్ ఎంత. నాలుగూ కూడితే వంద రావాలి.